మూడు కొక్కేలూ ఒక మొండీ

నేను ఒక లంగరును. నాలుగు కొక్కేలతో పుట్టాను, ఇప్పుడు మూడే ఉన్నాయి. నాలుగోది ఏమైందో నా పక్కన గోడకి అంటించిన చీటీలో రాయలేదు. రాయరు కూడా. అందుకే నోరు విప్పాల్సి వచ్చింది. వినే ఓపిక ఉంటే వినండి, లేకపోతే చేతిలో ఐస్‌క్రీము కరిగిపోకముందే బయటికి దయచేయండి. ఈ గదిలో చల్లగా ఉందని లోపలికి వచ్చేవాళ్ళే ఎక్కువ, ఆ సంగతి నాకు తెలియనిది కాదు.

నాకు కోపం జాస్తి. ఇనుముకి కోపమేమిటంటారా? కొలిమిలో కాలి, సమ్మెట దెబ్బలు తిని పుట్టినదానికి శాంతం ఎక్కణ్ణించి వస్తుంది? అంతకుముందు నేనొక లారీకి కమాను పట్టీని. గోతుల రోడ్ల మీద కంకర మోసి మోసి నడుం విరిగాక నన్ను తుక్కులో పడేశారు. అక్కడినుంచి ఏరుకొచ్చి నాకు రెండో జన్మ ఇచ్చినవాడు కమ్మరి బ్రహ్మాజీ ఆచారి. ఆయన భార్య తిత్తి ఊదేది, ఆయన కొట్టేవాడు. కొక్కెం వంపు ఎంత ఉండాలో కొలవడానికి ఆయన దగ్గర కొలబద్ద లేదు. తన చూపుడువేలు వంచి, దాని పక్కన పెట్టి చూసుకునేవాడు. నాలుగు కొక్కేలూ అలా ఆయన వేలి వంపులోనే వచ్చాయి.

నన్ను చేయించుకున్నవాడు గరికిన కొర్లయ్య, ఉప్పురేవు పల్లెకారుడు. నన్ను చేతికిస్తూ ఆచారి ఒక్క మాట చెప్పాడు. "ఇసకలో వెయ్యి, ఏనుగు లాగినా కదలదు. రాతి మీద మాత్రం వెయ్యకు కొర్లయ్యా. ఇది పట్టుకుందంటే వదలదు, విరగ్గొట్టుకునే వస్తుంది."

కొర్లయ్య తలూపాడు. ఆ మాట అతనికి ఆచారి చెప్పాల్సిన పనిలేదు.

ఉప్పురేవు ఒడ్డునుంచి తెడ్డు వేసుకుంటూ వెళ్తే, ఒక బీడీ కాలేంత సేపట్లో, నీళ్ళ కింద రెండు పెద్ద రాతి దిబ్బలు ఉంటాయి. వాటిని అప్పచెల్లెళ్ళ బండలంటారు. పైకేమీ కనబడవు. కొండ ఎడమ భుజమూ, ఒడ్డుమీద మొండి తాడిచెట్టూ ఒకే గీతలోకి వచ్చాయంటే మీరు వాటిమీద ఉన్నట్టు లెక్క. నీళ్ళు వెనక్కి తీసే పాటు వేళ రెండు నిలువుల లోతు. రాళ్ళనిండా పగడం, ఊదారంగు విసనకర్రల్లాంటి మొక్కలు, వాటి సందుల్లో గులివిందలు, పారలు, పేరు లేని పిల్ల చేపలు. రెండు బండల మధ్య ఒక గుండ్రటి పగడం ఉంది. దాన్ని బంతిరాయి అంటారు. కొర్లయ్య పడుచువాడిగా ఉన్నప్పుడు అది కొబ్బరికాయంత ఉండేదట. నలభై ఏళ్ళకి రుబ్బురోలంత అయింది. మీరు సెల్‌ఫోను మార్చినంత సులువుగా పెరిగేది కాదది, ఏడాదికి సగం గోరు.

ఆ బండల మీద ఇనుము వెయ్యకూడదన్నది ఉప్పురేవు కట్టుబాటు. అక్కడ పడవని తెడ్డు మీద నిలబెట్టాలి. అంటే ఒక మనిషి కూచుని, కెరటం ఎటు తోస్తే దానికి ఎదురు తెడ్డు వేస్తూ, ఉన్నచోటే ఉంచాలి. గంట నిలబెడితే భుజాలు ఊడిపోతాయి. కొర్లయ్యని ఎవరైనా ఎందుకీ యాతన అంటే, "అయి ఆడకూతుళ్ళు. ఆల మీద ఇనుము ఇసర్తావా?" అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు.

మరి రాతి మీద వెయ్యనప్పుడు బండల దగ్గరికి నన్నెందుకు తీసుకెళ్ళేవాడంటారా? అక్కడే ఉంది అసలు తిరకాసు. ఇనుము లేని పడవని సముద్రం లోపలికి పిలుచుకుపోతుందని ఆ ఊరి నమ్మకం. బాలింత పక్కలో ఇనపముక్క పెట్టినట్టే పడవలోనూ ఒకటి ఉండాలి. వాళ్ళ తాతలనాటి పడవలు మేకన్నది లేకుండా కొబ్బరితాడుతో పలకకి పలక కుట్టినవి. అందుకని ఆ తాతలు ఏ కత్తినో ఏ గొలుసుముక్కనో అడుగున పడేసుకునేవారు. కొర్లయ్య దగ్గరికొచ్చేసరికి ఆ ఉద్యోగం నాది. వాడినా వాడకపోయినా ముందు నేను ఎక్కాకే పడవ కదిలేది. గంగమ్మ పండగనాడు అతని భార్య పోలమ్మ నాకు పసుపు రాసి బొట్టు పెట్టేది. నేనూ మురిసిపోయేదాన్ని. ఆ మర్యాదే కొంప ముంచింది.

దాదాపు అయిదేళ్ళ కిందటి మాట. అప్పటికి ఆ బండల చుట్టూ చేప పలచబడింది. సన్నకన్ను వలలు దిబ్బ అంచులదాకా వచ్చేశాయి. ఒక్కొక్క వలకి పగడం ముక్కలు చిక్కుకుని పైకి వచ్చేవి, వాటిని ఒడ్డున పిల్లల ఆటకి వదిలేసేవారు. కొర్లయ్య అది చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఊళ్ళో చెప్తే ఎవరు వింటారు? అప్పుడతను ఒక పని చేశాడు. చెక్కపెట్టె అడుగు తీసేసి అద్దం బిగించాడు. ఆ పెట్టెని నీళ్ళమీద ఆనించి అందులోంచి చూస్తే కింద ఉన్నదంతా అరచేతిలో పెట్టినట్టు కనబడుతుంది. రోజుకొక ఇంటి పెద్దని పడవలో ఎక్కించుకుని వెళ్ళేవాడు. పోలమ్మ పెట్టె పట్టుకునేది, తను తెడ్డు మీద నిలబెట్టేవాడు. పుట్టినప్పటినుంచీ ఆ నీళ్ళమీదే బతికినవాళ్ళు ఆ కిందది మొదటిసారి కళ్ళారా చూసి నోరెళ్ళబెట్టారు. ఊరిపెద్ద మైలపిల్లి దాసన్న పెట్టెలోంచి తల ఎత్తకుండా, "ఇన్నాళ్ళూ ఈటి మీదేటిరా మనం వల లాగింది?" అన్నాడు.

అలా నలభై మూడు పడవల వాళ్ళని ఒప్పించాడు. అప్పచెల్లెళ్ళ దగ్గర వల వెయ్యం, గాలం వెయ్యం, అయిదేళ్ళు. ఆ ప్రమాణం దేనిమీద చేశారో తెలుసా? నా మీద. వలల పాకలో నన్ను మధ్యన పెట్టి, నలభై మూడు మంది వచ్చి ఒక్కొక్కరూ అరచెయ్యి ఆనించారు. ఉప్పుకి పగిలిన చేతులు, తాడుకి కోసుకుపోయిన చేతులు. ఇంట్లో పొయ్యి వెలగని రోజులున్నాయి వాళ్ళకి, అయినా ఆనించారు. చివర్న కొర్లయ్య అన్నాడు, "ఈ మాట తప్పితే ముందు నన్నడగండి." అతనికి అంతకన్నా పెట్టగలిగింది ఏమీ లేదు. పేరూ, మాటా. ఆ రెండూ నామీద పెట్టాడు.

ఊరు మాట తప్పలేదు. మూడో ఏటికి బండల అంచుల్లో గులివిందలు మళ్ళీ గుంపులు కట్టాయి. నాలుగో ఏట ఆ చోటుని తీర సంరక్షణ ప్రాంతమని ప్రకటించారు. ఒడ్డున బోర్డు లేచింది. బోర్డు వెనకే ఒక విహారయాత్రల కంపెనీ లేచింది. సందర్శకుల్ని కొర్లయ్య పడవలో, అద్దం పెట్టెతో బండల మీదికి పంపేది. దాని మేనేజరు శశిభూషణ్. మనిషి చెడ్డవాడు కాడు, అదే నా ఏడుపు. చెడ్డవాడైతే తిట్టుకోవడం సులువు. నవ్వు ముఖం, తెల్ల బూట్లు, అందరికీ నమస్కారం. సముద్రాన్ని ప్రేమిస్తున్నానని పూటకొకసారి చెప్పేవాడు. సముద్రం దగ్గర మాత్రం బూటు తడవకుండా నిలబడేవాడు.

చూడ్డానికి వచ్చేవాళ్ళలో మంచివాళ్ళు లేరని నేననను. ఒకసారి ఒక పెద్దావిడ వచ్చింది, ఎక్కడో లెక్కల టీచరట. పోలమ్మ చెప్పిందల్లా విన్నది. ఎండ తగలకుండా ఒంటికి పూసుకున్న తెల్లటి లేపనం ఆ నీళ్ళకి విషమంటే, ఒడ్డునే కడుక్కుని చీర కొంగు కప్పుకుంది. చేతులు పడవ లోపలే ఉంచింది. గంటసేపు పెట్టెలోంచి చూసి, దిగేటప్పుడు పోలమ్మ చెయ్యి పట్టుకుని, "ఏమీ తీసుకెళ్ళట్లేదమ్మా, చూసుకో" అని రెండు అరచేతులూ విప్పి చూపించింది. అలాంటి వాళ్ళని పదిమందిని చూస్తే నాకు కోపం కాస్త చల్లారేది.

మిగతావాళ్ళు? జంతికలు విసిరి చేపల్ని పిలిచేవాళ్ళు. పాటు వేళ బయటపడిన ఒడ్డురాళ్ళమీద చెప్పులతో ఎక్కి గంతులు వేసేవాళ్ళు. గవ్వ కనబడితే చాలు, అందులో ప్రాణి ఉందో లేదో చూడకుండా జేబులో వేసుకునేవాళ్ళు. ఒకాయన నక్షత్ర చేపని తీసి తలమీద పెట్టుకుని ఫోటో దిగాడు, అది ఎండలో విలవిల్లాడుతోంది. పోలమ్మ వెళ్ళి అతని తలమీదనుంచి తీసి నీళ్ళలో పెట్టింది. "నీ తలకాయ నానెత్తుకుంటానేటి బాబూ, దాన్ని నువ్వెత్తుకోడానికి" అంది. ఆయనకి కోపం వచ్చి కంపెనీకి ఫిర్యాదు రాశాడు. పోలమ్మకి మర్యాద తెలియదట.

ఇక ఆ రోజు సంగతి.

సముద్ర రక్షణ దినమని కంపెనీవాళ్ళు ఒక కార్యక్రమం పెట్టారు. పట్నంనుంచి తొమ్మిదిమంది ముఖ్య అతిథులు వచ్చారు. అందరికీ ఒకే రకం నీలం చొక్కాలు, వాటిమీద తాబేలు బొమ్మ. బండల మీదికి పడవలో వెళ్ళి, అక్కడ చెయ్యి చాచి ప్రతిజ్ఞ చెయ్యాలి, ఫోటో తియ్యాలి, అదీ ఏర్పాటు. ఫోటోలు తీసేవాడితో కలిసి పదిమంది, మేనేజరుతో పదకొండు. కొర్లయ్య పడవ పట్టేదే పన్నెండు మందిని. ఒడ్డున శశిభూషణ్ లెక్క చూసుకుని పోలమ్మని దిగమన్నాడు.

"ఇవాళ అద్దం పెట్టె అక్కర్లేదమ్మా. వీళ్ళు చూడ్డానికి రాలేదు, ప్రతిజ్ఞకి వచ్చారు."

పోలమ్మ దిగింది. దిగుతూ మొగుడి వేపు ఒక చూపు చూసింది. రోజూ అయితే ఆమె ఒక చేత్తో పెట్టె పట్టుకుని, రెండో చేత్తో ఎవరు ఎక్కడ చెయ్యి పెడుతున్నారో కనిపెట్టుకుని ఉండేది. ఇవాళ ఆ పనికి మనిషి లేదు. పెట్టె ఒడ్డునే ఉండిపోయింది. నేను మాత్రం ఎక్కాను. నేను ఎక్కకుండా పడవ కదలదు కదా. ముందుకొన దగ్గర చుట్టచుట్టిన తాడు మీద కూచున్నాను, నా పక్కనే మేనేజరు గారి తెల్ల బూట్లు.

కొండ భుజమూ తాడిచెట్టూ గీతలోకి వచ్చాయి. కొర్లయ్య పడవని తెడ్డు మీద నిలబెట్టాడు. దక్షిణపు గాలి కొద్దిగా ఎక్కువగా ఉంది. తొమ్మిదిమంది లేచి నిలబడి చేతులు చాచారు. పడవ ఊగింది, వాళ్ళూ ఊగారు.

"షేకవుతోంది సార్" అన్నాడు ఫోటోలవాడు.

"కొర్లయ్యా, రెండంటే రెండు నిమిషాలు కదలకుండా ఆపవయ్యా" అన్నాడు శశిభూషణ్.

"ఇంతకన్నా కదలకండా అంటే ఒడ్డుమీదే బాబూ. గాలున్నాది. నాను నిలబెడతాను, మీరు కూకోని తీయించుకోండి."

కూచుంటే చొక్కామీద తాబేలు కనబడదట. మళ్ళీ నిలబడ్డారు, మళ్ళీ ఊగింది. మేనేజరు చేతి గడియారం చూసుకున్నాడు. తరవాత నన్ను చూశాడు.

"ఇది ఉందిగా" అన్నాడు.

"అది ఒద్దు బాబూ. ఈడ ఇనుము ఎయ్యరాదు. ఒద్దు" అన్నాడు కొర్లయ్య. అతని రెండు చేతులూ రెండు తెడ్ల మీద ఉన్నాయి. చెయ్యి వదిలితే పడవ అడ్డం తిరిగి నిలబడ్డవాళ్ళు నీళ్ళలో పడతారు. వదలకపోతే నన్ను ఆపలేడు. పోలమ్మ ఉండుంటే ఆ చెయ్యి నామీద పడేదా? పడనిచ్చేదా?

అతిథుల్లో ఒకావిడ, పాపం, అడిగింది. "కింద ఏమైనా దెబ్బతింటుందేమోనండీ?"

"నీళ్ళలో ఇనుముకి బరువుండదు మేడమ్. మెల్లిగా దిగుతుంది" అన్నాడు ఆ మహానుభావుడు. నన్నెత్తి విసిరేశాడు.

బరువుండదట! ఏ బడిలో చెప్పారో ఆ చదువు. నేను తిన్నగా వెళ్ళి బంతిరాయి మీద పడ్డాను. పగిలిన చప్పుడు నేను విన్నాను. కుండ పగిలినట్టుంది. ఒక ముక్క ఊడి పక్కకి దొర్లింది, సరిగ్గా కొబ్బరికాయంత. కొర్లయ్య పడుచుతనంలో చూసినంత ముక్క. నా నాలుగో కొక్కెం బంతిరాయికీ బండకీ మధ్య ఉన్న చీలికలోకి దిగి ఇరుక్కుంది. పైన తాడు బిగిసింది. ప్రతి కెరటానికీ పడవ తాడుని లాగేది, తాడు నన్ను లాగేది, నేను పగడాన్ని పెకిలించేదాన్ని. ఆచారి అన్న మాట నిజం. పట్టుకుంటే వదలడం నాకు రాదు. అలా చేశారు నన్ను. నా ఒంట్లో ఏ కొక్కేనికీ జాలి పెట్టలేదు ఆచారి, ఇసకలో పనికి జాలి అక్కర్లేదు మరి.

పైన ఆ సమయంలో, సముద్రానికి ఏ హానీ చెయ్యబోమని ప్రతిజ్ఞ చదివారు. కొర్లయ్య తరవాత ఊరిపెద్దల ముందు చెప్తే విన్నాను. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అవి నీలం చొక్కాలు వేసుకుని నిలబడితే ఎలా ఉంటాయో ఆ రోజు చూశాడతను. పడవ చక్కగా నిలబడింది. ఫోటోలవాడు మెచ్చుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి నన్ను లాగబోతే రాలేదు. శశిభూషణ్ తాడు పట్టుకున్నాడు, ఇంకో ఇద్దరు సాయం పట్టారు. కొర్లయ్య తెడ్లు లోపల పడేసి, చొక్కాతోనే నీళ్ళలోకి దూకాడు. అరవై ఏళ్ళ మనిషి. కిందికి వచ్చి నన్నూ బంతిరాయినీ చూశాడు. ఆ ముఖం నేను మర్చిపోను. ఊడిన ముక్కమీద చెయ్యి పెట్టాడు, జ్వరం వచ్చిన పిల్ల నుదురు మీద పెట్టినట్టు. ఊపిరి ఆగక పైకి పోయాడు. పోయి, మొలలో కత్తి తీసి తాడు కోసేశాడు. కోసిన కొసకి వల బెండు ఒకటి కట్టి వదిలాడు, మళ్ళీ వెతుక్కోవడానికి.

"లంగరు పోయింది కదయ్యా" అన్నాడట మేనేజరు.

"పోయింది అదొక్కటే కాదు బాబూ" అన్నాడట కొర్లయ్య. భోజనాలకి ఆలస్యమైందని అతిథులు విసుక్కున్నారు.

ఆ మర్నాటినుంచి పదకొండు పొద్దులు అతను నా దగ్గరికి వచ్చాడు. సందర్శకులు రాకముందే, నీళ్ళు తేటగా ఉన్నప్పుడు. పైన పోలమ్మ తెడ్డు మీద పడవ నిలబెట్టేది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు తెడ్డు పట్టరు, అయినా పట్టింది. కింద అతను ఇనుము కోసే రంపం పలకతో నా నాలుగో కొక్కేన్ని కోసేవాడు. లాగితే బండ లేచొస్తుంది, అందుకని నన్నే కొయ్యాలి. ఒక్కో మునకకి పది కోతలు. పైకి పోయి ఊపిరి తీసుకుని మళ్ళీ దిగేవాడు. ఎనిమిది పలకలు విరిగాయి. ఆరో రోజున అతని ముక్కునుంచి రక్తం రావడం చూశాను, నీళ్ళలో పొగలా తేలిపోయింది. కొయ్యి కొర్లయ్యా, మిగతా మూడూ కూడా కోసెయ్యి అని నేను అనుకున్నాను. ఇనుము మాట ఎవరికి వినబడుతుంది?

పదకొండో రోజున తెగింది. కొక్కెం కొన చీలికలోనే ఉండిపోయింది. నన్ను రెండు చేతులా ఎత్తుకుని, ఏ పగడానికీ తగలకుండా పక్కకి తెచ్చి, అప్పుడు తాడు కట్టి పైకి లాగారు. ఎండ తగిలేసరికి నాకు సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నమే వలల పాకలో ఊరు కూడింది. నన్ను మధ్యన పెట్టారు. నాలుగేళ్ళ కిందట ప్రమాణం చేసిన చోటే. ఈసారి ఎవరూ చెయ్యి ఆనించలేదు. కంచే చేను మేసిందని గొణుగుతున్నారు. ఆ మాట నన్నే.

ఒక పడుచువాడు లేచాడు. "మాం నాలుగేళ్ళు వల కట్టీసి పస్తులున్నాం. ఆలొచ్చి ఇనుము ఇసిరినారు. ఆలిసిరితే లేనిది మాం వల ఇసిరితే తప్పేటి? రేపట్నించి ఎల్తాం."

అవునవునన్నారు చాలామంది. పోటు వచ్చినట్టు ఆ మాట పాకంతా నిండింది. కొర్లయ్య లేచాడు. అయిదేళ్ళు నిండడానికి ఇంకా తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ, బండలూ, నలభై మూడు చేతులూ అతను ఆడబోయే ఒక్క మాటమీద ఉన్నాయి. తప్పు మేనేజరు మీదికి నెట్టెయ్యడం ఎంత పని? అది నిజం కూడా.

"ఇసిరింది ఆయనే" అన్నాడు. "ఎక్కించింది నాను. బండల కాడికి ఇనుము ఎందుకు తీసుకెల్లేను? సముద్రం పిలిసీద్దని బయం. ఆ బయం నాది. తప్పు నాది."

అప్పుడు వెనకనుంచి పోలమ్మ లేచింది. ఆడవాళ్ళు ఆ పాకలో మాట్లాడరు. ఆమె మాట్లాడింది.

"మావా, ఒక మాటడుగుతాను. మన పడవకి మేకులెన్ని?"

జవాబుకోసం ఆమె ఆగలేదు.

"నాను లెక్కెట్టేను, ఈ పదకొండు రోజులూ ఆడ కూకోని ఏటి సేస్తాను. ఒక్క నీ పక్కనే నూటిరవై. మన తాతల పడవలు కుట్టుపడవలు, ఆలకి ఇనుము కావాల. మన పడవ నిండా ఇనుమే. ముప్పయ్యేళ్ళుగా మేకుల మీద కూకోని, ఇనుము నేదని లంగరెక్కించినావు." మొగుడికేసి తిన్నగా చూసింది. "లంగరు ఆడ అడుగునుంటే పదకొండు రోజులు ఎల్లేం. సముద్రం పిలిసిందేటి?"

నలభై మూడు పడవల వాళ్ళూ తమ తమ పడవల్లో మేకులు తలుచుకుంటున్నారు కాబోలు. ప్రతి పడవలోనూ నాలాంటిది ఒకటి పసుపు పూసుకుని కూచుంది మరి. నాకు మాత్రం ఆ క్షణాన తిత్తి ముందు కూచున్నట్టు ఒళ్ళంతా మండింది. ఇన్నేళ్ళు నాకు పెట్టిన బొట్టు, చేసిన మర్యాద, అంతా అక్కర్లేని దానికి. నేను ఆ పడవలో లేకపోయినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నేను ఉండబట్టే బంతిరాయి పగిలింది.

దాసన్న అడిగాడు, "ఏటి సెయ్యమంటావు కొర్లయ్యా?"

"నా పడవ బోర్లించండి. ఏడాది. మాట తప్పితే నన్నడగమన్నాను, అడగండి. మీరు మాత్రం వల ఎయ్యకండి."

ఉప్పురేవులో పడవ బోర్లించడమంటే మనిషిని వెలివేసినంత శిక్ష. ఇసకలో తలకిందులుగా పడి ఉన్న పడవ ముందునుంచి ఊరంతా వేటకి వెళ్తుంది, దాని యజమాని ఒడ్డున కూచుంటాడు. అది అడిగి తీసుకున్నవాడు అతనే మొదటివాడట. ముందు లేచిన ఆ పడుచువాడే వచ్చి పడవకి ఒక పక్క చెయ్యి వేశాడు, బోర్లించడానికి. అతని కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. వల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజునుంచి ఉప్పురేవులో కొత్త కట్టుబాటు. బండల దగ్గరికి వెళ్ళే పడవలో లంగరు ఎక్కదు. కంపెనీవాళ్ళకీ అదే మాట, వింటే తీసుకెళ్తాం, లేకపోతే ఈదుకెళ్ళండి అన్నారు. ప్రమాణం మళ్ళీ చేశారు, ఈసారి దోసిట్లో సముద్రపు నీళ్ళు పట్టుకుని. ఇనుము మీద నమ్మకం పోయింది, పోవాల్సిందే. నన్ను పాక వెనక తుక్కులో పడేశారు. అక్కడ హాయిగా తుప్పు పట్టేదాన్ని. పట్టనిచ్చారా?

సందర్శకుల కేంద్రమని ఈ అద్దాల గది కట్టారు. అలంకరణకి ఏదైనా పాత వస్తువు కావాలని శశిభూషణ్ తుక్కులో వెతికి నన్ను పట్టుకొచ్చాడు. తను విసిరిన ఇనుమే అని గుర్తుపట్టాడో లేదో తెలియదు. తుప్పు గీకి, నల్లరంగు వేసి, గాజు బల్లమీద పెట్టి, పక్కన చీటీ అంటించాడు. చదవండి. "సంప్రదాయ లంగరు. అవగాహన లేని రోజుల్లో స్థానిక మత్స్యకారులు ఇటువంటి వాటితో పగడపు దిబ్బలకు హాని కలిగించేవారు. మా చైతన్య కార్యక్రమాల ఫలితంగా నేడు ఆ అలవాటు మానుకున్నారు."

అవగాహన! తెడ్డు మీద భుజాలు ఊడేలా పడవ నిలబెట్టినవాడికి అవగాహన లేదట. నా గొంతు అంత పెద్దదైతే ఆ గాజు పగిలేలా అరిచేదాన్ని. కొక్కేలు మూడే ఉన్నాయేమిటని అడిగినవాడు ఇన్ని నెలల్లో ఒక్కడు లేడు.

చీటీ పైన ఒక పెద్ద ఫోటో. తొమ్మిది నీలం చొక్కాలు, తొమ్మిది చాచిన చేతులు, వెనక సముద్రం. ఒక పక్క తెడ్డు కొస మాత్రం కనబడుతుంది, తెడ్డు పట్టిన మనిషిని కత్తిరించేశారు.

మొన్న కొర్లయ్య వచ్చాడు. పడవ ఇంకా బోర్లించే ఉంది, గడువు తీరలేదు. పోలమ్మ ఇప్పుడు వేరేవాళ్ళ పడవల్లో అద్దం పెట్టెతో వెళ్తోంది, అతనికి భోజనం పెట్టేటప్పుడు కింద చూసింది చూసినట్టు చెబుతుందట. అతను చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి వచ్చాడు. గుడికి వచ్చినట్టు వచ్చాడు. నా ముందు నిలబడ్డాడు. తనకి చదువు రాదు, టిక్కెట్లు ఇచ్చే అమ్మాయిని పిలిచి చీటీలో ఏముందో చదవమన్నాడు. ఆ పిల్లది ఉప్పురేవే. ఆమెకి అంతా తెలుసు. సగం చదివి ఆగిపోయింది.

"సదువమ్మా, పర్లేదు" అన్నాడు.

చదివింది. అతను విన్నాడు. నా మొండి దగ్గర, రంపం తెగిన చోట, బొటనవేలితో తడిమాడు. నల్లరంగు కింద అతని కోతలు ఇంకా తగులుతాయి. తరవాత తలెత్తి ఫోటోకేసి చాలాసేపు చూశాడు. ఒక్కొక్క ముఖమూ చూశాడు. సముద్రం గీత ఎంత తిన్నగా ఉందో చూశాడు.

"ఫోటో మా బాగా ఒచ్చినాదమ్మా" అన్నాడు. "ఒక్కల మొకమూ సెదర్నేదు."

ఆ పిల్ల ఏడ్చేసింది. అతను గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.